తవ్వారు, తవ్వుతున్నారు, తవ్వేశారు: ఇంగ్లీషు పాసివ్ వాయిస్‌ని అన్ని టెన్సుల్లో నోటికి అలవాటు చేసుకోవడం ఎలా

దిల్‌సుఖ్‌నగర్‌లో నా సాయంత్రం బ్యాచ్‌కి వచ్చే ఒక అబ్బాయి పోయినేడు హైటెక్ సిటీలో ఇంటర్వ్యూకి వెళ్లాడు. రాత పరీక్ష పాసయ్యాడు, టెక్నికల్ రౌండ్‌లోనూ బాగా చెప్పాడు. చివరి రౌండ్‌లో ఒకావిడ పాత ఉద్యోగం గురించి అడిగితే "ఐ సెలెక్టెడ్ ఇన్ క్యాంపస్, ఐ అపాయింటెడ్ యాజ్ టెస్టర్" అన్నాడు. "ఓ, హూమ్ డిడ్ యు సెలెక్ట్?" అని ఆవిడ అడిగింది. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో నా దగ్గరికొచ్చి అడిగేదాకా అతనికి తెలియలేదు. "ఐ సెలెక్టెడ్" అంటే నేను ఎవరినో ఎంపిక చేశాను అని. తనను వాళ్లు ఎంపిక చేశారని చెప్పాలంటే "ఐ వాజ్ సెలెక్టెడ్" అనాలి. మధ్యలో ఉన్న ఆ చిన్న "వాజ్" ఎగిరిపోతే అర్థమే తలకిందులైపోతుంది.

ఆ అబ్బాయికి గ్రామర్ రాక కాదు. యాక్టివ్‌ని పాసివ్‌లోకి మార్చమని పేపర్ ఇస్తే పదికి పది తెచ్చుకుంటాడు. మార్చడం వచ్చు, మాట్లాడేటప్పుడు రాదు. ఎందుకంటే మాట్లాడేటప్పుడు మన చేతిలో మార్చడానికి యాక్టివ్ వాక్యం ఉండదు, మనసులో తెలుగు వాక్యమే ఉంటుంది. అందుకని సాధన కూడా తెలుగు నుంచే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. కింద చెప్పేదంతా నా బ్యాచ్‌లో నేను చేయించేదే. రోజుకి ఇరవై నిమిషాలు పెట్టగలిగితే చాలు.

ముందు తెలుగులో వెతకండి

స్కూల్లో కర్మణి ప్రయోగం అనగానే "రాముని చేత రావణుడు చంపబడెను" అని చెప్పించారు. దాంతో పాసివ్ అంటే "బడింది" అని మన బుర్రలో పడిపోయింది. కానీ ఇంట్లో "అన్నం వండబడింది, రండి" అని ఎవరైనా అంటారా? "గేటు మూయబడింది" అని వాచ్‌మన్ చెప్తాడా? అనరు. "గేటు మూసేశారు" అంటారు. ఎవరు మూశారో చెప్పరు, చెప్పాల్సిన పనీ లేదు.

అదిగో, అక్కడుంది మన పాసివ్. చేసినవాళ్ల పేరు లేకుండా "ఆరు" అని ముగిసే మాట. కరెంటు తీసేశారు. నీళ్లు వదిలారు. రిజల్ట్స్ ఇచ్చారు. బస్సు రూటు మార్చారు. ఇలాంటివి రోజుకి వంద అంటాం. "వాళ్లు" అనే మాట వాక్యంలో లేదు, మనసులోనూ ఎవరూ లేరు. దీన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే నూటికి తొంభైసార్లు పాసివ్ కావాలి. "దే రిమూవ్డ్ కరెంట్" అనకండి, "ది పవర్ హాజ్ బీన్ కట్" అనండి.

మొదటి రోజు పని ఇది. జేబులో చిన్న కాగితం పెట్టుకోండి. ఇంట్లో, ఆటోలో, ఆఫీసులో వినబడ్డ ఇలాంటి వాక్యాలు పది రాయండి. ఇంగ్లీషు అప్పుడే వద్దు. చెవికి ఆ "ఆరు" పట్టుబడితే చాలు.

వి త్రీ గురించి రెండు ముక్కలు

పాసివ్‌కి రెండే దినుసులు: "బి" కుటుంబంలోని (ఈజ్, వాజ్, హాజ్ బీన్ లాంటి) ఒక మాట, క్రియకు వి త్రీ రూపం, అంటే "టేక్, టుక్, టేకెన్"లో మూడోది. వి త్రీ తప్పితే అన్నీ తప్పుతాయి. "వాజ్ టుక్", "వాజ్ గేవ్", "ఈజ్ బ్రోక్" అనేవి నేను రోజూ వింటాను. పెద్ద పట్టిక బట్టీ పట్టకండి, మీరు వాడే ముప్పై క్రియలు చాలు. కట్, పుట్, షట్ లాంటివి మారవు. బిల్ట్, సోల్డ్, టోల్డ్, సెంట్, మేడ్, డగ్ లాంటివి వి టూ, వి త్రీ ఒకటే. గివెన్, టేకెన్, రిటెన్, బ్రోకెన్, స్టోలెన్, సీన్, డన్ మాత్రం వేరుగా ఉంటాయి, వీటి మీదే శ్రద్ధ పెట్టండి. ఒక చిట్కా: వి త్రీని ఎప్పుడూ ఒంటరిగా పలకకండి. "టేక్, టుక్, టేకెన్" అనే బదులు "టేక్, టుక్, ఈజ్ టేకెన్" అనండి. అప్పుడు నోటికి ఆ జోడీయే అలవాటవుతుంది.

ఒకే రోడ్డు, ఎనిమిది టెన్సులు

ఇదే అసలు సాధన. ఒక్క విషయం తీసుకుని ఎనిమిది టెన్సుల్లో తిప్పాలి. నేను మా వీధి రోడ్డు తీసుకుంటాను. నీళ్ల పైపుకో, కేబుల్‌కో, డ్రైనేజీకో ఎవరో ఒకరు తవ్వుతూనే ఉంటారు. ఎవరు తవ్వారో మనకు తెలియదు కాబట్టి పాసివ్‌కి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. తెలుగు వాక్యం గట్టిగా చదవండి, తర్వాత ఇంగ్లీషు.

ప్రతి ఎండాకాలం మా రోడ్డు తవ్వుతారు: "అవర్ రోడ్ ఈజ్ డగ్ అప్ ఎవ్రీ సమ్మర్."
రేపు మా రోడ్డు తవ్వుతారు: "అవర్ రోడ్ విల్ బి డగ్ అప్ టుమారో."
ఇప్పుడు తవ్వుతున్నారు: "ఇట్ ఈజ్ బీయింగ్ డగ్ అప్ నౌ."
నిన్న నేను ఇంటికొచ్చేటప్పుడు తవ్వుతున్నారు: "ఇట్ వాజ్ బీయింగ్ డగ్ అప్ వెన్ ఐ కేమ్ హోమ్ యెస్టర్‌డే."
మొన్న సోమవారం తవ్వారు: "ఇట్ వాజ్ డగ్ అప్ లాస్ట్ మండే."
రోడ్డు తవ్వేశారు, బండి అటు తిప్పు: "ది రోడ్ హాజ్ బీన్ డగ్ అప్, టేక్ ది అదర్ వే."
నేను వచ్చేటప్పటికే తవ్వేశారు: "ఇట్ హ్యాడ్ బీన్ డగ్ అప్ బిఫోర్ ఐ కేమ్."
శుక్రవారానికల్లా తవ్వేసి ఉంటారు: "ఇట్ విల్ హ్యావ్ బీన్ డగ్ అప్ బై ఫ్రైడే."

ఇప్పుడు ఎడమ పక్కన ఉన్న తెలుగు మళ్లీ చూడండి. మొదటి రెండింట్లోనూ "తవ్వుతారు" ఒకటే. తర్వాతి రెండింట్లో "తవ్వుతున్నారు" ఒకటే. ఆరో వాక్యంలో, ఏడో వాక్యంలో "తవ్వేశారు" ఒకటే. మన భాషలో క్రియ అలాగే ఉంటుంది, కాలాన్ని "ప్రతి ఎండాకాలం", "రేపు", "వచ్చేటప్పుడు" లాంటి మాటలు మోస్తాయి. ఇంగ్లీషులో ఆ బరువంతా "బి" కుటుంబం మీద పడుతుంది: ఈజ్, విల్ బి, ఈజ్ బీయింగ్, వాజ్ బీయింగ్, వాజ్, హాజ్ బీన్, హ్యాడ్ బీన్, విల్ హ్యావ్ బీన్. ఎనిమిది వాక్యాల్లోనూ "డగ్ అప్" కదల్లేదు చూశారా? కాబట్టి మీరు మార్చాల్సింది ఒక్క చోటే. ఈ సంగతి తెలిశాక మా బ్యాచ్‌లో చాలామందికి సగం టెన్షన్ పోతుంది.

పన్నెండు టెన్సులు కదా, మిగతా నాలుగూ ఏవి అని అడుగుతారు. ఫ్యూచర్ కంటిన్యుయస్‌కి, మూడు పర్ఫెక్ట్ కంటిన్యుయస్‌లకి పాసివ్ మామూలు వాడుకలో లేదు. వాటిని వదిలేయండి.

రెండో రోజు నుంచి ఒక వారం పాటు రోజుకొక విషయం ఇలా ఎనిమిదిసార్లు తిప్పండి: జీతం వేశారు, ఇల్లు ఊడ్చారు, బిల్లు కట్టారు, సినిమా రిలీజ్ చేశారు. రాసుకుని చదవడం ఆ వారంలో మొదటి రోజే. మర్నాటి నుంచి తెలుగు వాక్యం మాత్రమే చూసి ఇంగ్లీషు నోటితో చెప్పాలి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మన తప్పు మన చెవికి దొరికినంత బాగా ఇంకెవరికీ దొరకదు.

బీయింగ్, బీన్

రికార్డింగ్ వింటే ముందుగా బయటపడే తప్పు ఇదే. "ది రోడ్ ఈజ్ బీన్ రిపేర్డ్" అంటారు. వేగంగా పలికితే రెండూ ఒకలాగే వినిపిస్తాయి, అందుకే కలిసిపోతాయి. ఇలా గుర్తుపెట్టుకోండి: బీయింగ్ ముందు ఈజ్, ఆర్, వాజ్, వర్ వస్తాయి, పని ఇంకా నడుస్తోంది. బీన్ ముందు హాజ్, హ్యావ్, హ్యాడ్ వస్తాయి, పని అయిపోయింది. "ఈజ్ బీన్" అనేది ఈ భాషలో లేదు. మెకానిక్ షెడ్డు దగ్గర నిలబడ్డట్టు ఊహించుకోండి. మీ బండి చక్రం ఊడదీసి ఉంది, కుర్రాడి చేతిలో పానా ఉంది: "మై బైక్ ఈజ్ బీయింగ్ రిపేర్డ్." కుర్రాడు చేతులు తుడుచుకుని తాళంచెవి మీ చేతిలో పెట్టాడు: "మై బైక్ హాజ్ బీన్ రిపేర్డ్." ఈ రెండు బొమ్మలూ కళ్ల ముందు ఉంచుకుని బండి తీసి టీవీ, ఫోన్, లిఫ్ట్ అంటూ మార్చి మార్చి పలకండి.

వాజ్‌యా, హాజ్ బీన్‌యా?

"తవ్వారు", "ఇచ్చారు", "మార్చారు" అన్న మాటలకి ఇంగ్లీషులో రెండు దారులుంటాయి. ఎప్పుడు జరిగిందో చెప్తే లేదా అది ఎదుటివారికీ తెలిసిన పాత సంగతైతే వాజ్. ఎప్పుడన్నది ముఖ్యం కాక, ఇప్పుడు దాని ఫలితం మన ముందుంటే హాజ్ బీన్. ఇది నేర్చుకోవడానికి పుస్తకం కంటే మీ ఫోనే మంచి మాస్టారు. మెసేజ్‌లు తెరవండి. "యువర్ ఆర్డర్ హాజ్ బీన్ షిప్డ్", "యువర్ అకౌంట్ హాజ్ బీన్ క్రెడిటెడ్", "యువర్ రిక్వెస్ట్ హాజ్ బీన్ రిసీవ్డ్" అని వరసగా కనిపిస్తాయి. ఇప్పుడే జరిగింది, మీకు ఇప్పుడు పనికొచ్చే కబురు, అందుకే హాజ్ బీన్. అదే మీరు వారం తర్వాత కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "ఇట్ వాజ్ షిప్డ్ ఆన్ ది టెన్త్, బట్ ఇట్ హాజ్ నాట్ బీన్ డెలివర్డ్" అంటారు. తారీఖు ఉన్నచోట వాజ్ వచ్చింది, ఇప్పటిదాకా రానిదానికి హాజ్ నాట్ బీన్ వచ్చింది. ఈ ఒక్క వాక్యాన్ని నేను ప్రతి బ్యాచ్‌లోనూ అందరితో పదిసార్లు చెప్పిస్తాను.

పాత రసీదులు కూడా పారేయకండి. బట్టల షాపు బిల్లు కింద "గూడ్స్ వన్స్ సోల్డ్ విల్ నాట్ బి టేకెన్ బ్యాక్" అని ఉంటుంది. విల్ నాట్ బి, ఆ పక్కనే టేకెన్. ఫ్యూచర్ పాసివ్, అదీ నెగెటివ్‌లో, మీ పర్సులోనే ఉంది.

ఊరి కథ చెప్పండి

రెండో వారానికి వచ్చారంటే ఒకే క్రియ తిప్పడం విసుగనిపిస్తుంది. అప్పుడు మన ఊరిని తీసుకోండి. ఊళ్లోకి బంధువులు వచ్చారు, వాళ్లకి తెలుగు రాదు, మీరు చూపిస్తున్నారు అనుకోండి. కట్టడాల సంగతి చెప్పేటప్పుడు పాసివ్ దానంతటదే వస్తుంది, ఎందుకంటే మన కళ్ల ముందుంది కట్టడం, కట్టినవాళ్లు కాదు.

సింపుల్ పాస్ట్‌తో మొదలుపెట్టండి. "చార్మినార్ వాజ్ బిల్ట్ ఇన్ 1591 బై ముహమ్మద్ కులీ కుతుబ్ షా." ఇక్కడ "బై" ఉంచాం, ఎందుకంటే ఆ పేరు వినేవాళ్లకి కావాలి. "ఉస్మానియా యూనివర్సిటీ వాజ్ ఫౌండెడ్ ఇన్ 1918." "ది మెట్రో వాజ్ ఓపెన్డ్ ఇన్ నవంబర్ 2017." 1908లో మూసీ వరద ఊరిని ముంచెత్తాక మళ్లీ అలా జరగకుండా ఆనకట్టలు కట్టారు. "గండిపేట డ్యామ్ వాజ్ బిల్ట్ ఆఫ్టర్ ది గ్రేట్ ఫ్లడ్ అండ్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1920."

హ్యాడ్ బీన్ చాలామందికి కొరుకుడు పడదు. దానికి మక్కా మసీదు మంచి ఉదాహరణ. కుతుబ్ షాహీల కాలంలో మొదలైన ఆ మసీదు, 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచేనాటికి ఇంకా పూర్తి కాలేదు. "వెన్ ఔరంగజేబ్ టుక్ గోల్కొండ ఇన్ 1687, మక్కా మసీద్ హ్యాడ్ నాట్ బీన్ కంప్లీటెడ్. ఇట్ వాజ్ కంప్లీటెడ్ లేటర్, అండర్ హిమ్." గతంలో రెండు సంగతులు, ఒకటి జరిగేనాటికి ఇంకొకటి అయిందా కాలేదా అన్నదే హ్యాడ్ బీన్ చెప్పేది.

వాజ్ బీయింగ్‌కి హుస్సేన్ సాగర్ దగ్గరికి రండి. 1990లో బుద్ధ విగ్రహాన్ని తెప్ప లాంటి బార్జ్ మీద నీళ్లలో తీసుకెళ్తుంటే అది ఒరిగిపోయి విగ్రహం చెరువులో పడింది, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. విగ్రహం చాలాకాలం నీటి అడుగునే ఉంది. 1992లో పైకి తీసి నిలబెట్టారు. ఇంగ్లీషులో: "ది స్టాచ్యూ వాజ్ బీయింగ్ క్యారీడ్ ఆన్ ఎ బార్జ్ వెన్ ఇట్ ఫెల్ ఇంటు ది లేక్. ఇట్ వాజ్ టేకెన్ అవుట్ అండ్ ఇన్‌స్టాల్డ్ ఇన్ 1992." ఈ కథలో "ఫెల్" మాత్రం పాసివ్ కాలేదు, గమనించండి. విగ్రహం తానే పడింది, ఎవరూ పడేయలేదు. ట్యాంక్‌బండ్ మీద నడుస్తూ ఈ రెండు వాక్యాలు పైకి చెప్పి చూడండి. విగ్రహం కళ్ల ముందుంటే వాక్యం మరిచిపోవడం కష్టం.

వంటింట్లో ఈజ్, ఆర్

ప్రతిసారీ ఒకేలా జరిగే పనికి సింపుల్ ప్రెజెంట్ పాసివ్. విదేశీ చదువుల కోసం ఐఇఎల్‌టిఎస్ అకడమిక్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసేవాళ్లకి రైటింగ్‌లో ఒక్కోసారి ప్రాసెస్ బొమ్మ, అంటే ఒక పని వరసగా ఎలా జరుగుతుందో చూపే బొమ్మ ఇస్తారు, అక్కడ పనికొచ్చేది ఇదే. హైదరాబాద్‌లో ఉండి వేరే ఉదాహరణ ఎందుకు, కచ్చి బిర్యానీ చెప్పండి. "ది మీట్ ఈజ్ మారినేటెడ్ ఇన్ కర్డ్ అండ్ స్పైసెస్. ది రైస్ ఈజ్ హాఫ్ బాయిల్డ్. ది రా మీట్ ఈజ్ కెప్ట్ ఎట్ ది బాటమ్ అండ్ ది రైస్ ఈజ్ స్ప్రెడ్ ఓవర్ ఇట్. ఫ్రైడ్ ఆనియన్స్ ఆర్ యాడెడ్. ది లిడ్ ఈజ్ సీల్డ్ విత్ డో, అండ్ ఎవ్రీథింగ్ ఈజ్ కుక్డ్ ఆన్ ఎ స్లో ఫైర్." ఇక్కడ ఎవరు వండారన్నది ఎక్కడా రాలేదు. ఇంకొకటి, పిండితో మూత పెట్టారు అనేచోట "బై డో" కాదు, "విత్ డో". పని చేసినవాళ్లకి బై, వాడిన వస్తువుకి విత్. మర్నాడు మీ అమ్మగారు నిజంగా వండుతుంటే పక్కన నిలబడి అదే కథ ఈజ్ బీయింగ్‌తో, ఆర్ బీయింగ్‌తో చెప్పండి. తిన్నాక వాజ్‌తో, వర్‌తో చెప్పండి.

నాకు, నన్ను

ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఈ భాగం మీద ఎక్కువ కూర్చోవాలి. "నన్ను సెలెక్ట్ చేశారు", "నాకు ఆఫర్ లెటర్ ఇచ్చారు", "నన్ను సోమవారం రమ్మన్నారు", "నాకు ముందే చెప్పారు", "నాకు ట్రైనింగ్ ఇచ్చారు". తెలుగులో ఇవన్నీ నాకు, నన్ను అని మొదలవుతాయి. ఇంగ్లీషులో ఆ నాకు, నన్ను రెండూ "ఐ" అయిపోతాయి, వెంటనే వాజ్ రావాలి. "ఐ వాజ్ సెలెక్టెడ్." "ఐ వాజ్ గివెన్ యాన్ ఆఫర్ లెటర్." "ఐ వాజ్ ఆస్క్డ్ టు కమ్ ఆన్ మండే." "ఐ వాజ్ టోల్డ్ ఇన్ అడ్వాన్స్." "ఐ వాజ్ ట్రెయిన్డ్ ఫర్ త్రీ మంత్స్." నేను వరంగల్‌లో పుట్టాను అనేదీ "ఐ వాజ్ బోర్న్ ఇన్ వరంగల్" అనే అనాలి, "ఐ బోర్న్" కాదు, "ఐ యామ్ బోర్న్" కాదు. స్నేహితులతో మాట్లాడేటప్పుడు "ఐ గాట్ సెలెక్టెడ్" అన్నా తప్పులేదు. ఇంటర్వ్యూలో వాజ్ వాడండి.

ప్రశ్నలు కూడా కలిపి సాధన చేయండి. బి కుటుంబంలో మొదటి మాట ముందుకొస్తుంది, అంతే. "వాజ్ ఇట్ సెంట్?" "హాజ్ ఇట్ బీన్ పెయిడ్?" "ఈజ్ ఇట్ బీయింగ్ రిపేర్డ్?" "వెన్ విల్ ది రిజల్ట్స్ బి అనౌన్స్డ్?" ఇద్దరుంటే ఒకరు తెలుగులో అడగండి, ఇంకొకరు ఇంగ్లీషులోకి తిప్పండి, తర్వాత మారండి.

ఎక్కడ వద్దు

పాసివ్ అలవాటయ్యాక కొందరు అన్నిచోట్లా పెట్టేస్తారు. "యాన్ యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్" అనేది ఎక్కువగా వినే తప్పు. యాక్సిడెంట్ అయింది అంటాం, ఎవరూ చేయలేదు, కాబట్టి "యాన్ యాక్సిడెంట్ హ్యాపెన్డ్" చాలు. కమ్, గో, డై, అరైవ్, హ్యాపెన్ లాంటి క్రియలకి పాసివ్ లేదు. తెలుగులో "దేన్ని?", "ఎవర్ని?" అని అడిగి చూడండి. రోడ్డుని తవ్వారు అనొచ్చు, కానీ దేన్ని వచ్చారు అనలేం. జవాబు రాకపోతే పాసివ్ కూడా రాదు.

ఇంకోచోట కూడా వద్దని చెప్తాను. ఇది గ్రామర్ కాదు, నా అభిప్రాయం. ఆఫీసులో పని మీవల్ల ఆలస్యమైతే "ది రిపోర్ట్ వాజ్ డిలేడ్" అని మెయిల్ రాయకండి. చేసినవాళ్ల పేరు దాచడం పాసివ్‌కి బాగా తెలుసు, చదివేవాళ్లకీ అది తెలుసు. "ఐ డిలేడ్ ది రిపోర్ట్, ఇట్ విల్ బి సెంట్ బై ఫైవ్ టుడే" అని రాయండి. ముందు మాటలో మీరున్నారు, వెనక మాటలో రిపోర్ట్ ఉంది. ఐదు గంటలకి పంపాక అదే మెయిల్ కింద ఇంకొక వాక్యం: "ది రిపోర్ట్ హాజ్ బీన్ సెంట్."